125 మీద, 8 మీద

పని ముగిశాక కెమెరాను పెట్టెలో పెట్టే ముందు షట్టర్ 125 మీద ఉండాలి, అపర్చర్ 8 మీద ఉండాలి. 1988లో పర్లాకిమిడిలో మాస్టారి స్టూడియోలో చేరినప్పుడు మొదటి వారమంతా ఆయన నాకు చెప్పిన పాఠం ఇదొక్కటే. షట్టర్ అంకె వెలుతురు లోపలికి ఎంతసేపు రావాలో చెబుతుంది, 125 అంటే సెకనులో 125వ వంతు. అపర్చర్ అంకె లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలో చెబుతుంది. ఎందుకండీ అని అడిగితే, "పెళ్లిలో కరెంటు పోతుంది కదా, అప్పుడు నీకే తెలుస్తుందిలే బాబూ" అన్నారు.

పాత కెమెరాల రూపంలో వస్తున్న కొత్త డిజిటల్ కెమెరాల గురించి ఈమధ్య మా ఫొటోగ్రాఫర్లలో చాలా మాటలు నడుస్తున్నాయి. అవి ముచ్చటకేనా, సంపాదించుకునే పనికి కూడా పనికొస్తాయా అని. నన్ను ఎవరడిగినా నా జవాబు మాస్టారి పెట్టె దగ్గర నుంచే మొదలవుతోంది. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

మాస్టారి స్టూడియో బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు ఉండేవి. వచ్చే జనం కూడా అంతే. ఒడియావాళ్లు కూర్చుంటే "టికే హసంతు" అనేవారు, మనవాళ్లు కూర్చుంటే "కాస్త నవ్వండమ్మా" అనేవారు. కొండల మీద నుంచి దిగివచ్చిన సవర దంపతులను మాత్రం నవ్వమని ఎప్పుడూ అడగలేదు. వాళ్లకు నచ్చినట్టు కూర్చోనిచ్చి, బిగబట్టిన ఊపిరి వదిలేదాకా ఓపిగ్గా ఆగి అప్పుడు నొక్కేవారు. ఆ ఫొటోలంత నిజమైన ఫొటోలు నేను ఇప్పటికీ తీయలేకపోయాను.

స్టూడియోలో యాషికా మ్యాట్ 124జి ఉండేది. 120 రోలు, 12 ఫొటోలు. ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో ఫిల్ము వాడేవాళ్లం. పెళ్లిళ్లకు మాత్రం నికాన్ ఎఫ్‌ఎం2. మద్రాసు బర్మా బజారులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దానికోసం అమ్మగారి గాజులు తాకట్టుకు వెళ్లాయని స్టూడియోలో అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఎఫ్‌ఎం2 మొదటిసారి 1982లో వచ్చింది. అందులో రెండు బిళ్ల బ్యాటరీలు ఉండేవి, అవీ వెలుతురు కొలిచే మీటరుకే. షట్టర్ మొత్తం స్ప్రింగులతో, గేర్లతో నడిచేది. సెకనులో 4000వ వంతు దాకా బ్యాటరీ లేకుండా పనిచేసేది. రోలు తిప్పే లివరును బొటనవేలితో కొద్దిగా బయటికి లాగితే మీటరు మేలుకునేది, లోపలికి తోస్తే నిద్రపోయేది. పైన షట్టర్ డయల్, లెన్సు చుట్టూ అపర్చర్ రింగు. కెమెరా ఆఫ్‌లో ఉన్నా, ఏది ఎంత మీద ఉందో నెత్తిన చూస్తే తెలిసిపోయేది. చూడలేనంత చీకటిగా ఉంటే వేలికి తెలిసేది.

మా వైపు పెళ్లిళ్లు ఎక్కువగా రాత్రి ముహూర్తాలకే. పందిట్లో పెళ్లికూతురు తట్టలో కూర్చుని వచ్చే వేళకు కరెంటు పోవడం ఆ రోజుల్లో మామూలే. పెట్రోమాక్స్ లైట్లు వెలిగించి తెచ్చేలోపు జీలకర్ర బెల్లం అయిపోయేది. పురోహితుడు మనకోసం ఆగడు. మాస్టారు మధ్యాహ్నమే పందిరికి వెళ్లి పీటల నుంచి అడుగులు కొలుచుకుని, 15 అడుగుల దూరంలో ఏ గుంజ ఉందో చూసుకునేవారు. మా వివిటార్ 283 ఫ్లాష్ గైడ్ నంబరు, అంటే దాని వెలుగు బలం చెప్పే అంకె, 100 ఐఎస్ఓ ఫిల్ముకు అడుగుల లెక్కలో 120. ఐఎస్ఓ అంటే ఫిల్ము వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె. ఆ 120ని 15తో భాగిస్తే 8. అంటే ఆ గుంజ పక్కన నిలబడితే అపర్చర్ 8 మీద పెడితే చాలు. 125 అంటే ఫ్లాష్ వెలుగు ఫ్రేము మొత్తం పడే స్పీడు. పెట్టెలోంచి తీసిన కెమెరా ఏమీ ముట్టుకోకుండానే ముహూర్తానికి సిద్ధంగా ఉంటుందన్నమాట. ముందుకు జరిగితే రింగు అటు ఒక టిక్కు, వెనక్కి వెళితే ఇటు ఒక టిక్కు. చీకట్లో లెక్కపెట్టుకోవడమే.

1991లో కాశీనగర్‌లో ఒక పెళ్లి. సాయంత్రం ఎండ ఉండగా పిల్లలు చెరువుగట్టు మీద పరుగులు పెడుతుంటే నాకు సరదా వేసి, మాస్టారిని అడిగి కెమెరా తీసుకుని రెండు ఫొటోలు తీశాను. పిల్లలు కదిలిపోకుండా ఉండాలని షట్టర్ 500 మీద పెట్టాను. భోజనాలకు పిలుపు వచ్చింది. కెమెరాను అలాగే పెట్టెలో పెట్టేశాను.

రాత్రి కరెంటు పోయింది. మాస్టారు చీకట్లో పెట్టె తెరిచి, కెమెరా తీసి, గుంజ పక్కన నిలబడి మంగళసూత్రధారణ మూడు ఫొటోలు తీశారు. డయల్ చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం ఉంటుందని ఆయనకు తట్టను కూడా తట్టదు.

కలర్ రోళ్లు అప్పుడు విశాఖపట్నం ల్యాబుకు వెళ్లేవి. పర్లాకిమిడి నుంచి నౌపడా దాకా చిన్న రైల్లో, అక్కడి నుంచి పెద్ద లైనులో. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద 1900 నుంచి నడుస్తున్న రైలు అది, తర్వాత 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. రోలు డబ్బాలు గుడ్డసంచిలో పెట్టుకుని ఆ రైల్లో ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. ఒక పెళ్లి మొత్తం నా ఒళ్లో ఉందనుకుంటే కిటికీ పక్కన కూర్చోవడానికి కూడా భయంగా ఉండేది. కాశీనగర్ పెళ్లి ఫొటోలు తొమ్మిది రోజులకు వచ్చాయి. ప్లాట్‌ఫారం మీదే కవరు విప్పాను. మూడు ఫొటోల్లోనూ పై సగంలో తలలు, బాసికాలు, అక్షింతలు జల్లుతున్న చేతులు చక్కగా ఉన్నాయి. కింది సగం నల్లగా ఉంది. తాళి కడుతున్న చేతులు ఆ నలుపులో ఉన్నాయి. ఆ కెమెరాలో ఫ్లాష్‌తో 250 దాటకూడదు. షట్టర్‌లో రెండు తెరలుంటాయి, మొదటిది తెరుస్తుంది, రెండోది మూస్తుంది. 500 పెడితే ఫ్లాష్ వెలిగేసరికే రెండో తెర సగం దిగిపోయి ఉంటుంది.

స్టూడియోకి వచ్చి కవరు బల్ల మీద పెట్టి నిలబడ్డాను. మాస్టారు ఒక్కొక్క ఫొటో చూశారు. మర్నాడు తనే కాశీనగర్ వెళ్లారు, నన్ను కూడా తీసుకెళ్లారు. పెళ్లికూతురి తండ్రికి అడ్వాన్సు తిరిగిచ్చి, "తప్పు నాదండీ, చూసుకోవాల్సింది" అన్నారు. ఆయన పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపటికి నావైపు తిరిగి, "రెండు టిక్కులు బాబూ" అన్నారు. అంతే. ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

2004లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. పట్టాలు పీకి వెడల్పు చేయడానికి ఏడేళ్లు పట్టింది. ఆ ఏళ్లలోనే మా పని కూడా మారిపోయింది. నేను బరంపురంలో సొంత స్టూడియో పెట్టుకున్నాను, డిజిటల్ కెమెరా కొన్నాను. దాని నెత్తిన డయల్ మీద అంకెలు లేవు, మోడ్ అక్షరాలు ఉన్నాయి. స్పీడు ఎంతో తెలియాలంటే స్క్రీను చూడాలి. కొన్నాళ్లకు అలవాటైపోయింది. మంచి కెమెరాలే, నాకు అన్నం పెట్టాయి. వాటిని చిన్నచూపు చూడను.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గోపాల్‌పూర్ నుంచి బరంపురం ఎంత దూరం, గట్టిగా 15 కిలోమీటర్లు. తెల్లారేసరికి వీధుల్లో చెట్లూ స్తంభాలూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నా దగ్గర రెండు కెమెరాలు, నాలుగు బ్యాటరీలు. రెండో రోజుకే అన్నీ ఖాళీ. ఫొటోగ్రాఫర్ని అయ్యుండి, నా ఊరు నా కళ్ల ముందు అలా పడి ఉంటే ఒక్క ఫొటో తీయలేక చేతులు కట్టుకుని తిరిగాను. బస్సులు మొదలైన రోజునే మాస్టారు పర్లాకిమిడి నుంచి దిగారు. చేతిలో ఒక సంచి. "నీ కెమెరాలన్నీ పడుకుని ఉంటాయని వచ్చానురా" అన్నారు. సంచిలో ఎఫ్‌ఎం2, ఒక బ్లాక్ అండ్ వైట్ రోలు. రోలు డేటు ఎప్పుడో దాటిపోయింది.

ఆ రోజంతా ఇద్దరం నేతవీధుల్లో తిరిగాం. మన తెలుగు దేవాంగుల ఇళ్లు అవి, బరంపురం పట్టు నేసేది వాళ్లే. పెంకులు పడి విరిగిన మగ్గం, దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ముసలాయన. తడిసిన పట్టునూలును కూలిన చెట్టు కొమ్మలకే ఆరేస్తున్న ఆడవాళ్లు. మాస్టారు ఒక్కో ఫొటోకి ఎంతసేపు నిలబడేవారో! 36 ఫొటోల రోలును నీడలో జాగ్రత్తగా ఎక్కించి 38 తీయడం ఆయనకు వచ్చిన విద్య. ఆ రోజు కూడా 38 తీశారు. వాటిలో నాలుగు ఇప్పటికీ నా స్టూడియో గోడ మీద ఉన్నాయి. వచ్చినవాళ్లు అడిగితే నేను తీసినవి కావని ముందే చెబుతాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, నవంబరు మొదటి వారంలో, నికాన్ కంపెనీ డీఎఫ్ అనే డిజిటల్ కెమెరాను ప్రకటించింది. కరెంటు వచ్చాక ఫోన్లో దాని బొమ్మ చూసి మాస్టారికి ఫోన్ చేశాను. ఎఫ్‌ఎం2 లాగే ఉందండీ, షట్టర్ డయల్ ఉంది, ఐఎస్ఓ డయల్ ఉంది, మీ పాత లెన్సులు కూడా ఎక్కుతాయట అన్నాను. "బ్యాటరీ లేకపోతే కొడుతుందా?" అని అడిగారు. కొట్టదండీ అన్నాను. "సర్లే" అన్నారు. నికాన్ డీ4లో ఉన్న 16 మెగాపిక్సెల్ సెన్సరే అందులోనూ పెట్టారు, రాత్రి ఫొటోలకు చాలా గొప్పది. కానీ వీడియో లేదు. అప్పటికే పెళ్లివాళ్లు అదే కెమెరాతో చిన్న వీడియో కూడా తీసివ్వమని అడుగుతున్నారు. మనసు లాగింది గానీ కొనలేకపోయాను.

నిజానికి ఈ పాత రూపం తిరిగి రావడం అంతకుముందే మొదలైంది. ఎప్సన్ కంపెనీ 2004లోనే ఆర్‌డీ1 అనే డిజిటల్ కెమెరా తెచ్చింది. షట్టర్ బిగించడానికి అందులో రోలు తిప్పినట్టే లివరు తిప్పాలి. తర్వాత 2010లో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100ను ప్రకటించింది. దానికి లెన్సు చుట్టూ అంకెలున్న అపర్చర్ రింగు ఉంది, పైన షట్టర్ డయల్ ఉంది. వాటిని చూసి చాలామంది ఇది బొమ్మలాటే అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. పదిహేనేళ్లుగా అవి ఆగకుండా వస్తున్నాయంటే, కొనేవాళ్లలో పనిచేసే చేతులు కూడా ఉన్నాయని నా నమ్మకం.

2024లో నేను నికాన్ జెడ్ఎఫ్ కొన్నాను. 24 మెగాపిక్సెల్, ఫుల్ ఫ్రేమ్, అంటే పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సర్. ఇత్తడి డయల్స్, అంకెలు చెక్కి ఉంటాయి. షట్టర్ డయల్ కింద చిన్న మీట ఉంది, దాన్ని పక్కకు జరిపితే నేరుగా బ్లాక్ అండ్ వైట్. మొదటి రోజు ఆ డయల్ తిప్పుతుంటే వేలికి వచ్చిన టిక్కు టిక్కుకు నా ఒళ్లు జలదరించింది. 33 ఏళ్ల కిందటి చెరువుగట్టు గుర్తొచ్చింది.

పనికి పనికొస్తుందా అంటే, ముహూర్తానికి నేను ఇప్పటికీ నా ఇంకో నికాన్, జెడ్6-టూనే పట్టుకుంటాను. దానికి పట్టు ఉంది, 70-200 లెన్సు తగిలించుకుని మూడు గంటలు నిలబడినా వేళ్లు నొప్పి పెట్టవు. జెడ్ఎఫ్ ముందుభాగం పాత కెమెరాల్లాగే చదునుగా ఉంటుంది. అంత బరువు లెన్సుకు అది తగదు. రెండు కార్డులు పడతాయి గానీ రెండోది మైక్రో ఎస్‌డీ. పెళ్లి ఫొటోలు రెండు కార్డుల మీదా ఒకేసారి పడటం మాకు ప్రాణం లాంటిది. గోరంత కార్డును పందిట్లో చెమట చేతులతో మార్చడమంటే నాకు టెన్షన్. నా మనసుకు అన్నిటికన్నా కష్టం కలిగించింది ఇంకొకటి. దానితో వచ్చే 40 ఎంఎం లెన్సు చూడ్డానికి పాత లెన్సులాగే ఉంటుంది గానీ అంకెలున్న అపర్చర్ రింగు లేదు. అపర్చర్ ఎంతో పైన చిన్న కిటికీలో అంకె చూపిస్తుంది. 125 నా వేలికి తిరిగి దొరికింది, 8 మాత్రం దొరకలేదు. అందుకే ఈ విషయంలో ఫ్యూజీవాళ్లదే సరైన పద్ధతి అని మొహమాటం లేకుండా చెబుతాను.

నా దగ్గర పని నేర్చుకుని వేరే స్టూడియో పెట్టుకున్న కుర్రాడు ఒకడు ఫ్యూజీ ఎక్స్-టీ వాడతాడు. వాడు ఫిల్ము రోలు చేత్తో ముట్టుకుని ఎరగడు. మరి నీకెందుకురా ఇది అని అడిగాను. "స్క్రీను చూడాలనిపించదు మాస్టారూ, వాళ్ల మొహాలే చూస్తుంటాను" అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. అందులో క్లాసిక్ క్రోమ్ లాంటి ఫిల్ము రంగులు కెమెరాలోనే ఉంటాయి కాబట్టి, పసుపు కొట్టిన రోజు ఫొటోలు ఆ రాత్రే ఇంటివాళ్ల ఫోన్లకు పంపేస్తున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చునే పని సగం తగ్గిందట. రోజుకు రెండు పెళ్లిళ్లున్న మాఘమాసంలో అది చిన్న మాట కాదు.

ఇంకా ఒకటుంది, అది కెమెరా వెనక ఉన్న మనకు సంబంధించింది కాదు. పెళ్లిలో చిన్న కెమెరా చేత్తో పట్టుకుంటే పెళ్లికూతురి నాన్నగారు దగ్గరికి వచ్చి, "పెద్ద కెమెరా తేలేదేటి బాబూ?" అని అడుగుతారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, డబ్బు పోస్తున్నది ఆయన. అందుకని స్టేజీ దగ్గర పెద్దదే ఉండాలి. కానీ అదే చిన్న కెమెరాతో మొన్న మా బరంపురంలో జరిగిన బుఢీ ఠాకురాణి యాత్రలో తిరిగాను. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి, మన నేతవాళ్ల వీధికి వస్తుంది కదా. మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టిన ఒక పెద్దాయన పులిచారలు ఆరబెట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. నా చేతిలోది చూసి "రీల్ కెమెరా కి?" అని ఒడియాలో అడిగాడు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆయన నడుము నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద ఆనించి, నా వైపే చూస్తూ కూర్చున్నాడు. తీశాక చూపించమని అడగలేదు. పెద్ద కెమెరా చూపిస్తే అదే మనిషి వేళ్లు రెండు పైకెత్తి నవ్వేవాడు. పాత రూపం మా చేతికి ఏం గుర్తుచేస్తుందో, ఎదుట కూర్చున్న మనిషికీ అదే గుర్తుచేస్తోంది. ఊపిరి బిగబట్టి, వదిలి, అప్పుడు. సవరవాళ్ల ఫొటోల్లో మాస్టారు పట్టుకున్నది ఏమిటో ఆ అరుగు ముందు నాకు కొంచెం అందింది.

పోయిన సంక్రాంతికి పర్లాకిమిడి వెళ్లాను. మాస్టారికి గ్లకోమాతో చూపు దాదాపు పోయింది. వెలుతురు, నీడ తెలుస్తాయి, అంతే. ఆయన దగ్గరే ఉన్న పాత 50 ఎంఎం లెన్సును అడాప్టరుతో జెడ్ఎఫ్‌కు తగిలించాను. అలా తగిలిస్తే ఆ లెన్సుకున్న అపర్చర్ రింగే పనిచేస్తుంది. అరుగు మీద ఎండలో అమ్మగారు చిక్కుడుకాయలు వలుస్తుంటే నాలుగు ఫొటోలు తీశాను. ఆ చప్పుడు విని మాస్టారు చెయ్యి చాపారు.

చేతిలో పెట్టాను. బరువు చూశారు. బొటనవేలు లివరు కోసం వెతికి, దొరకక, డయల్ మీదికి వచ్చింది. అంచు మీద గరుకును కాసేపు తడిమారు.

"ఎంత మీద ఉంది బాబూ?"

"500 మీదుందండీ."

డయల్ వెనక్కి తిప్పారు. రెండు టిక్కులు. తర్వాత లెన్సు రింగును చివరిదాకా విప్పి, అక్కడి నుంచి నాలుగు లెక్కపెట్టి ఆపారు. కెమెరా నా చేతికిచ్చి, "పెట్టెలో పెట్టు" అన్నారు.